అకిలిస్ టెండన్‌కు మూలకణాల సూది: వేయించుకోవాలా, ఆగాలా?

ప్రశ్న: నా వయసు 44. వారానికి మూడు నాలుగు రోజులు షటిల్ ఆడతాను. తొమ్మిది నెలలుగా కుడి మడమకు కాస్త పైన నొప్పి. పొద్దున్నే లేచి మొదటి నాలుగడుగులు వేయాలంటే ప్రాణం పోతుంది. అల్ట్రాసౌండ్‌లో అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే తాడులాంటి కణజాలం) మందంగా ఉందనీ, లోపల చిన్న చిరుగు ఉందనీ రాశారు. ఒకచోట పొట్ట కొవ్వులోంచి మూలకణాలు తీసి అదే రోజు ఎక్కిస్తామన్నారు. ఇంకోచోట బొడ్డుతాడు మూలకణాలైతే ఇంకా బలమైనవి, ఆరు వారాల్లో కొత్త టెండన్ వచ్చేస్తుందన్నారు. ల్యాబుల్లో ఏకంగా టెండన్లనే పెంచుతున్నారని కూడా చదివాను. వీటిలో దేన్ని నమ్మాలి? ఇంతవరకు నొప్పి మాత్రలు, విశ్రాంతి తప్ప వేరే ఏమీ చేయలేదు.

సమాధానం: ఇప్పుడే ఏదీ వేయించుకోకండి. బొడ్డుతాడు సూది వద్దే వద్దు. కొవ్వు సూది సంగతి 12 వారాల వ్యాయామం పద్ధతిగా చేసి, అప్పటికీ తగ్గకపోతే ఆలోచిద్దాం. ల్యాబులో పెంచే టెండన్ మీలాంటి సమస్య కోసం కాదు. అది టెండన్‌లో ఒక ముక్క పూర్తిగా పోయినవాళ్లకోసం చేస్తున్న ప్రయత్నం, అదీ ఇంకా మామూలు చికిత్సగా రాలేదు. మీ ఉత్తరంలో మాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది చివరి వాక్యం. తొమ్మిది నెలల్లో ఆ టెండన్ మీద క్రమపద్ధతిలో బరువు పెట్టి చూడలేదన్నమాట.

ముందు ఆ ఆరు వారాల మాట చూద్దాం. టెండన్‌లో నీళ్లు పోగా మిగిలేదాంట్లో సింహభాగం టైప్-1 కొల్లాజెన్ అనే పోగుల ప్రోటీన్. ఆ పోగులన్నీ కండరం ఎటు లాగుతుందో అటే వరసగా సాగి ఉంటాయి. కొల్లాజెన్ ఎంత ఉంది అన్నదానికంటే ఎలా అమరి ఉంది అన్నదే బలాన్ని తేలుస్తుంది. అదే నార పేనితే మోకు, పేనకపోతే ఉత్త చిక్కు. పరుగులో అకిలిస్ మీద శరీర బరువుకు పన్నెండు రెట్ల దాకా లాగుడు నమోదైంది. అంతటిదాన్ని కాచే ఈ అమరికను చూసుకునే కణాలు, అంటే టెనోసైట్లు, చాలా కొద్దిగా ఉంటాయి. రక్తప్రసరణ కూడా తక్కువే, ముఖ్యంగా మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన. మీకు నొప్పి ఉన్నది బహుశా అక్కడే.

ఈ కణజాలం ఎంత నిదానమో చెప్పడానికి ఒక పరిశోధన చాలు. 1955 నుంచి 1963 దాకా జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగి, తర్వాత క్రమంగా తగ్గింది. ఏ కణజాలం ఏ కాలంలో తయారైందో ఆ కార్బన్‌ను బట్టి లెక్కకట్టవచ్చు. డెన్మార్క్ పరిశోధకులు 2013లో అకిలిస్ టెండన్ల నడిమి భాగాన్ని అలా పరీక్షిస్తే, అందులోని కొల్లాజెన్ దాదాపు 17 ఏళ్ల వయసులోపు తయారైనదేననీ, ఆ తర్వాత కొత్తగా మారింది లేనట్టేననీ తేలింది. పాతికేళ్లకు పైగా మారని కణజాలం ఒక్క సూదికి ఆరు వారాల్లో మారిపోతుందనడం ఎలా కుదురుతుంది?

గాయమైన టెండన్ మానే క్రమమూ అలాంటిదే. మొదటి కొద్ది రోజులు వాపు దశ. తర్వాత సుమారు ఆరు వారాల దాకా కణాలు పెరిగి, సన్నగా, చిందరవందరగా ఉండే టైప్-3 కొల్లాజెన్‌ను గబగబా పోస్తాయి. ఆ తర్వాతే అసలు పని మొదలవుతుంది. టైప్-3 స్థానంలో టైప్-1 వచ్చి, పోగులు లాగుడు దిశకు తిరగడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. అయినా పూర్వపు అమరిక పూర్తిగా రాదు, మచ్చ మిగులుతుంది. ఆరో వారంలో స్కాన్ తీసి “నిండిపోయింది చూడండి” అని చూపిస్తే, చూపిస్తున్నది ఆ మచ్చనే.

మరి మూలకణాలు చేసేదేమిటి? టెండన్‌కు సొంత మూలకణాలు ఉన్నాయని 2007లో తేలింది, కానీ వాటి సంఖ్య స్వల్పం. అందుకే ఎముక మజ్జ, కొవ్వుల నుంచి తీసే మెసెన్‌కైమల్ కణాలవైపు చూస్తున్నారు. ఇవి లోపలికి వెళ్లి టెనోసైట్లుగా మారి కొత్త పోగులు నేస్తాయని మొదట్లో అందరూ అనుకున్నారు. 1991లో వీటికి మెసెన్‌కైమల్ మూలకణాలని పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లానే తర్వాత ఆ పేరు మార్చాలన్నారు. ఇవి ప్రధానంగా సంకేతాలు పంపే కణాలనీ, వాపును అదుపుచేసి, చుట్టూ ఉన్న కణాలను పనికి పురమాయిస్తాయనీ ఆయన వాదన. గుర్రాల టెండన్లలోకి గుర్తు వేసిన కణాలను ఎక్కించి చూస్తే, ఒక్క రోజు గడిచేసరికి అక్కడ నిలిచినవి నాలుగో వంతు మాత్రమే. కాబట్టి కణాలు వాతావరణాన్ని మారుస్తాయేమో గానీ పోగులను వరసపెట్టవు. వరసపెట్టేది లాగుడే, అంటే మీరు చేసే వ్యాయామం. సూది వేసి “మూడు నెలలు కాలు కదపకండి” అనేవాళ్లకూ, సూది వేసి మర్నాటినుంచే ఆటకు పొమ్మనేవాళ్లకూ ఈ విషయం పట్టినట్టు లేదు.

ఇక మీకు చెప్పిన రెండు సూదులు. అదే రోజు కొవ్వులోంచి తీసి ఎక్కించేది శుద్ధమైన మూలకణాలు కాదు. కొవ్వును కొల్లాజినేజ్ అనే ఎంజైముతో కరిగించో, యంత్రంతో నలగ్గొట్టో, వడకట్టగా వచ్చే మిశ్రమం అది. అందులో రక్తకణాలు, రక్తనాళాల గోడల కణాలు, రోగనిరోధక కణాలు అన్నీ ఉంటాయి, మెసెన్‌కైమల్ కణాలు కొద్ది శాతమే. ఇది మోసమనడం లేదు. కానీ “మీకు ఇన్ని కోట్ల మూలకణాలు ఎక్కించాం” అని ఎవరైనా అంటే అది మొత్తం కణాల లెక్క అయి ఉండే అవకాశమే ఎక్కువ.

ఎముక మజ్జ కూడా అంతే. మజ్జలోని కేంద్రకమున్న కణాల్లో మెసెన్‌కైమల్ కణాలు 0.001 నుంచి 0.01 శాతం, అంటే లక్షకు ఒకటి నుంచి పది. తుంటి ఎముక నుంచి సుమారు 60 మిల్లీలీటర్లు లాగి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే 6 నుంచి 8 మిల్లీలీటర్ల చిక్కటి ద్రవం వస్తుంది. ఇక్కడ పనితనం లాగడంలోనే ఉంది. సూదిని ఒకేచోట ఉంచి మొత్తం లాగితే వచ్చేది మజ్జ కాదు, మామూలు రక్తం. చిన్న సిరంజితో ఒక్కోచోట కొద్దికొద్దిగా లాగుతూ సూది చోటు మారుస్తూ పోవాలి. ఒకే ఎముక, ఒకే యంత్రం వాడిన ఇద్దరు డాక్టర్ల ఫలితాలు వేర్వేరుగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

మూడోది ల్యాబులో పెంచిన కణాలు. వీటికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి “అదే రోజు” అనే మాటే ఉండదు. ఏ కణాన్ని మెసెన్‌కైమల్ అనవచ్చో 2006లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ప్లాస్టిక్‌కు అంటుకుని పెరగాలి. కనీసం 95 శాతం కణాలమీద సీడీ73, సీడీ90, సీడీ105 అనే ప్రోటీన్ గుర్తులు ఉండాలి. సీడీ45, సీడీ34 లాంటి రక్తకణాల గుర్తులు 2 శాతానికి మించకూడదు. ఎముకగా, మృదులాస్థిగా, కొవ్వుగా మారగలగాలి. ఈ చివరి గుణం టెండన్‌లో తలనొప్పి తెస్తుంది, దాని గురించి కింద చెప్తాం.

బొడ్డుతాడు విషయంలో మా అభ్యంతరం సూటిగా ఉంది. సీసాలో గడ్డకట్టించి దూరం నుంచి వచ్చే ఈ ద్రవాల్లో కరిగించాక బతికున్న కణాలు ఎన్నో చాలాసార్లు ఎవరూ కొలవరు. అది వేరేవాళ్ల కణజాలం, ఒక సీసా కలుషితమైతే ఆ బ్యాచ్ అంతా కలుషితమై ఉండవచ్చు. 2018లో అమెరికాలో బొడ్డుతాడు రక్తంతో చేసిన ఉత్పత్తిని కీళ్లలో, వెన్నులో ఎక్కించుకున్న 12 మంది బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లతో ఆసుపత్రి పాలయ్యారు. తెరవని సీసాల్లోనూ బ్యాక్టీరియా కనిపించింది. “యువ కణాలు కాబట్టి బలమైనవి” అనేది అమ్మకపు మాట.

నిదర్శనాల విషయానికి వద్దాం. మీకున్న సమస్యమీదే ఇటలీలో నలభై మందికి పైగా రోగులతో ఒక పోలిక పరీక్ష జరిగింది. సగం మందికి కొవ్వు మిశ్రమం, సగం మందికి పీఆర్పీ, అంటే రోగి రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ద్రవం. 15వ, 30వ రోజుల్లో కొవ్వు బృందానికి నొప్పి ఎక్కువ తగ్గింది, నెలలు గడిచేసరికి రెండు బృందాలూ సమానమైపోయాయి. పీఆర్పీ అయినా గెలుపు గుర్రమా అంటే కాదు. నెదర్లాండ్స్‌లో 54 మందిమీద 2010లో, బ్రిటన్‌లో 240 మందిమీద 2021లో వచ్చిన ఫలితాలు రెండూ ఒకటే చెప్పాయి: ఉత్తుత్తి సూదికంటే పీఆర్పీ మెరుగేమీ కాదు. నెదర్లాండ్స్ పరీక్షలో ఉత్తుత్తిగా ఉప్పునీటి సూది వేయించుకున్నవాళ్లూ బాగుపడ్డారు, రెండు బృందాలూ వ్యాయామం చేశాయి మరి. క్లినిక్‌లో చూపించే “మా రోగుల్లో ఇంత శాతం మెరుగు” అనే పటం పక్కన పోలిక బృందం లేకపోతే దానికి విలువ లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. పెంచిన మజ్జకణాలతో అకిలిస్‌కు లండన్‌లో ఒక తొలిదశ పరీక్ష జరిగింది. అది 10 మందిమీద, పోలిక బృందం లేకుండా, ప్రధానంగా భద్రత కోసం.

ఆశ పుట్టించే ఫలితాలూ ఉన్నాయి, అవి వేరేచోట. ఫ్రాన్స్‌లో భుజం రొటేటర్ కఫ్ (భుజం కీలును చుట్టి పట్టి ఉంచే టెండన్లు) చిరుగులను కుట్టేటప్పుడు 45 మందికి మజ్జ ద్రవం కూడా ఎక్కించి, ఎక్కించని 45 మందితో పోల్చారు. పదేళ్ల తర్వాత చూస్తే మొదటి బృందంలో 87 శాతం, రెండోదాంట్లో 44 శాతం మరమ్మతు చెక్కుచెదరకుండా ఉంది. ఇది చీటీలు వేసి విడగొట్టిన పరీక్ష కాదు, జతలు చూసి పోల్చినది. అయినా కొట్టిపారేయలేం. ఇంకోటి పందెపు గుర్రాలది. 113 గుర్రాలకు సొంత మజ్జకణాలను కోటికి పైగా ఎక్కిస్తే మళ్లీ గాయమైనవి 27 శాతం. అంతకుముందు వేరే చికిత్సలతో నమోదైనదానికంటే ఇది తక్కువ. అయితే గుర్రానికి గాయం టెండన్ నడుమ ఒక గుంతలా ఏర్పడుతుంది, చుట్టూ గట్టి గోడ ఉంటుంది, కణాలు అందులో నిలుస్తాయి. మీ టెండన్‌లో ఉన్నది ఏళ్ల తరబడి పోగులు చెదిరి మందమైన భాగం, అక్కడ నింపడానికి గుంత లేదు. పైగా ఆ గుర్రాలకు సూది తర్వాత 48 వారాల క్రమబద్ధమైన నడక, పరుగు శిక్షణ ఇచ్చారు. సూది అమ్మేవాళ్లు గుర్రాల కథ చెప్తారు గానీ ఈ 48 వారాల ముక్క మాత్రం మింగేస్తారు.

ల్యాబులో పెంచే టెండన్ గురించి అడిగారు కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాం. మూడు దినుసులు కావాలి: కణాలు, అవి అంటుకునే చట్రం అంటే స్కాఫోల్డ్, వాటికి దారి చూపే సంకేతాలు. స్కాఫోల్డ్‌గా కొల్లాజెన్ జెల్, పట్టు, పీసీఎల్ లాంటి కరిగిపోయే పాలిమర్ల సన్నటి దారాలు వాడతారు. దారాలు ఒకే దిశలో ఉంటే కణాలు ఆ వెంటే సాగి టెండన్ కణాల్లా ప్రవర్తిస్తాయి, అడ్డదిడ్డంగా ఉంటే అలా ప్రవర్తించవు. ఇంకో దారి, దానం చేసిన టెండన్‌లోంచి డిటర్జెంట్లతో కణాలన్నీ కడిగేసి ఖాళీ చట్రాన్ని వాడటం. చాలా ల్యాబులు పాటించే కొలత ప్రకారం పొడి బరువు మిల్లీగ్రాముకు డీఎన్ఏ 50 నానోగ్రాముల లోపే మిగలాలి. తక్కువ కడిగితే శరీరం తిరగబడుతుంది, ఎక్కువ కడిగితే కొల్లాజెనే దెబ్బతింటుంది, డిటర్జెంట్ మిగిలితే కొత్త కణాలు చస్తాయి. పంది చిన్నపేగు పొరతో చేసిన అతుకును భుజంలో పెట్టి చూసిన 2006 నాటి పరీక్షలో, అతుకు వేసిన 15 మందిలో 4 గురికి, వేయని 15 మందిలో 9 మందికి టెండన్ మానింది. అంటే ఆ అతుకు మేలు చేయలేదు సరికదా వెనక్కే లాగినట్టుంది.

సంకేతాలుగా కణాల పెరుగుదలను నడిపించే ప్రోటీన్లు వాడతారు: జీడీఎఫ్ కుటుంబానివి, టీజీఎఫ్-బీటా, ఐజీఎఫ్-1. వీటికంటే ముఖ్యం లాగుడు. బయోరియాక్టర్ అనే పెంపకపు యంత్రంలో కణజాలాన్ని క్లిప్పులతో పట్టి లయబద్ధంగా సాగదీస్తారు. టెండన్ మూలకణాలను 4 శాతం సాగదీస్తే టెనోసైట్ల దిశగా నడుస్తాయి, 8 శాతం సాగదీస్తే కొన్ని ఎముక, కొవ్వు కణాల దారి పడతాయి. అసలు చిక్కు కూడా ఇదే. కుందేళ్ల మోకాలి టెండన్‌లో మజ్జకణాలను జెల్‌లో కలిపి పెట్టినప్పుడు 28 శాతం మరమ్మతుల్లో ఎముక ముక్కలు పుట్టాయి. కొల్లాజెన్‌కు కణాల మోతాదు ఎక్కువైతే ఆ ప్రమాదం పెరుగుతుందని చూసి, తర్వాతి ప్రయోగాల్లో కణాలను బాగా తగ్గించారు. ఎక్కువ కణాలు ఎక్కిస్తే ఎక్కువ మేలు అనే లెక్క టెండన్‌లో చెల్లదు. దీనికితోడు రక్తనాళాలు లేని కణజాలంలో ఆక్సిజన్ 100, 200 మైక్రాన్ల లోతు దాకానే అందుతుంది, కాబట్టి అకిలిస్ అంత మందం ఉన్నదాన్ని నడిమి కణాలు చావకుండా పెంచడం కష్టం. టెండన్ ఎముకలో దిగేచోట టెండన్, మెత్తటి నారమృదులాస్థి, ఖనిజం చేరిన నారమృదులాస్థి, ఎముక అని నాలుగు పొరలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. దాన్ని పూర్తిగా తిరిగి తయారుచేయగలిగినవాళ్లు ఇంతవరకు లేరు.

మీరు చేయాల్సింది ఇది. వీసా-ఏ అనే ప్రశ్నావళి ఒకటుంది, 100 మార్కులకు అకిలిస్ పరిస్థితిని కొలుస్తుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర ఇవాళే నింపి పెట్టుకోండి, లేకపోతే మూడు నెలల తర్వాత తగ్గిందో లేదో మీకే తెలియదు. నొప్పి ఎముకకు అంటుకునేచోట కాకుండా పైన ఉందని నిర్ధారించుకోండి. పైన అయితే మెట్టు అంచున మునివేళ్లమీద నిలబడి, మంచి కాలితో పైకి లేచి, నొప్పి కాలితో నెమ్మదిగా మడమను కిందికి దించాలి. మోకాలు నిటారుగా 15 సార్లు మూడు విడతలు, మోకాలు కొద్దిగా వంచి మరో మూడు, పూటకు ఇంత చొప్పున రోజుకు రెండు పూటలు, 12 వారాలు. తేలికైపోతే వీపున సంచిలో బరువు పెంచుకుంటూ పోవాలి. ఇంత తీరిక లేకపోతే జిమ్‌లో బరువులతో వారానికి మూడుసార్లు చేయండి. ఎక్కడానికి మూడు సెకన్లు, దిగడానికి మూడు సెకన్లు. మొదట 15 సార్లకు మించి ఎత్తలేని బరువుతో మొదలుపెట్టి, 12 వారాల్లో 6 సార్లకు మించి ఎత్తలేని బరువు దాకా వెళ్లాలి. రెండు పద్ధతుల ఫలితమూ దాదాపు ఒకటే, రెండోదాన్ని మధ్యలో మానేసేవాళ్లు తక్కువ. నొప్పి ఎముకకు అంటుకునేచోటే అయితే మడమను మెట్టుకంటే కిందికి దించకండి, టెండన్ ఎముకకు ఒత్తుకుని నొప్పి ముదురుతుంది.

వ్యాయామంలో నొప్పి రావడం తప్పు కాదు. పదికి ఐదు దాటకుండా, మర్నాటి పొద్దుటికి మామూలు స్థాయికి దిగితే కొనసాగించండి. దిగకపోతే బరువు తగ్గించండి, అంతేగానీ మానేయకండి. షటిల్ తాత్కాలికంగా తగ్గించండి, ముఖ్యంగా దూకి కొట్టే షాట్లు. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ కుటుంబపు యాంటీబయాటిక్స్ టెండన్‌ను బలహీనపరుస్తాయి కాబట్టి ఇంకేదానికైనా డాక్టరు దగ్గరికి వెళ్తే మీ టెండన్ సంగతి చెప్పండి. టెండన్‌లోకి స్టెరాయిడ్ సూది ఒప్పుకోకండి. రక్తంలో చక్కెర, కొలెస్ట్రాల్ చూపించుకోండి, రెండూ ఎక్కువైతే టెండన్‌ను పాడుచేస్తాయి.

12 వారాల తర్వాత కూడా వీసా-ఏ కదలకపోతే, స్థానిక నైతిక కమిటీ అనుమతి ఉన్న, పోలిక బృందం ఉన్న, మీ దగ్గర డబ్బు తీసుకోని పరీక్షలో చేరగలరేమో చూడండి. చేరేముందు అడగాల్సినవి: కణాలు నావా, పెంచినవా, పెంచినవైతే ఎన్ని విడతలు పెంచారు? బతికున్నవి ఎంత శాతమని ఎక్కించే రోజే కొలుస్తారా? బ్యాక్టీరియా, మైకోప్లాస్మా (కణాల పెంపకంలో చేరే సూక్ష్మజీవి), ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) పరీక్షల కాగితం చూపిస్తారా? సూదిని అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చిరుగులోకే వేస్తారా? మత్తుమందు అదే సిరంజిలో కలుపుతారా? లిడోకెయిన్, బుపివకెయిన్ ల్యాబు పరీక్షల్లో ఈ కణాలను చంపాయి, చర్మానికి విడిగా ఇవ్వాలి గానీ కణాలతో కలపకూడదు. టెండన్ బిగువైన కణజాలం, కొద్ది మిల్లీలీటర్లకు మించి పట్టదు. సిరంజి నిండా ఎక్కిస్తామంటే ఎక్కువభాగం పక్కకు కారిపోతుందని అర్థం. చివరగా, సూది తర్వాతి వారం వారం వ్యాయామ పట్టిక రాసి ఇమ్మనండి. అది ఇవ్వలేనిచోట మిగతా జవాబులు ఎంత బాగున్నా లేచి వచ్చేయండి.

ఈలోగా ఎప్పుడైనా పిక్కమీద ఎవరో తన్నినట్టు అనిపించి, ఫట్‌మని శబ్దం వచ్చి, మునివేళ్లమీద నిలబడలేకపోతే టెండన్ తెగి ఉండవచ్చు. బోర్లా పడుకుని పాదాలు మంచం అంచు దాటేలా పెట్టి, ఎవరితోనైనా పిక్క నొక్కించండి. మునివేళ్లు చాచినట్టుగా పాదం కదలకపోతే ఆ కాలిమీద బరువు పెట్టకుండా, మునివేళ్లు చాచినట్టుగా పాదాన్ని వంచి ఉంచి, అదే రోజు ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తెగిన కొసలు ఎంత త్వరగా దగ్గరికి చేరితే అంత మంచిది. పాదాన్ని కదలనీయని బూటు వేయాలా, కుట్టాలా అనేది అక్కడ తేలుతుంది.